జంపఖానాలో టీచరమ్మ

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. మగ్గం పక్కన నేల మీద చతికిలబడ్డ రాజలింగు. పోలీసులు విసిరేసిన గిన్నెలను ఏరుతున్న అతని భార్య భాగ్యమ్మ. పడుగుకు పట్టించే గంజి కాగును రెండు చేతులా వాటేసుకుని కూర్చున్న అతని తల్లి లచ్చవ్వ. ఈ ముగ్గురినీ పోలీసులు చూశారు, పేర్లు అడిగారు, కసిరారు. నాలుగో మనిషి ఆ ఇంట్లో ఉన్నట్టు వాళ్ళకు తెలియదు. ఆమె రాజలింగు మేనకోడలు కళావతి. మగ్గం గుంతలో, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే ఆ చీకటి గుంతలో, మోకాళ్ళ మధ్య తల దూర్చుకుని కూర్చుని ఉంది.

జీపు చప్పుడు కొత్తవాడ మలుపు తిరిగి, సన్నగిల్లి, ఆగిపోయింది.

"పోయిన్రు. బయిటికి రా బిడ్డా," అంది లచ్చవ్వ.

కళావతి లేవలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయో, భయంతో బిగుసుకుపోయాయో ఆమెకే తెలియలేదు. రాజలింగు వచ్చి రెక్క పట్టి పైకి లాగాడు. లాగి, ఆమెను పట్టించుకోకుండా గోడ నుంచి గోడకు కట్టిన దండెం వైపు చూశాడు. దండెం ఖాళీగా ఉంది.

"బొమ్మలేవి?" అన్నాడు.

భాగ్యమ్మ వంగి ఇంకో గిన్నె ఏరింది.

"ఏమే, నిన్నే అడుగుతాన్న. పొద్దుగాల ఆరేసిన బొమ్మలేవి?"

భాగ్యమ్మ గిన్నెలో గిన్నె పెట్టింది. "నాకేం ఎరుక? పక్కింటి పూలమ్మ గోడ మీదికెల్లి 'జీపొచ్చింది' అని ఒర్రినప్పుడు నేను నల్ల కాడ నీళ్ళు వడుతాన్న. నువ్వు పెరట్ల నూలుకు రంగేస్తానవ్. నేనొచ్చేసరికి వాకిట్ల పోలీసోళ్ళున్నరు."

"పొయ్యిల వెట్టినవా?"

"ఏంది?"

"పొయ్యిల వెట్టినవా అంటాన్న! వారం దినాల సంది చూస్తాన్న, ఆ బొమ్మల దిక్కు నువ్వు చూసే చూపు."

భాగ్యమ్మ చేతిలోని గిన్నెను నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ వెళ్ళి కళావతి కాళ్ళ దగ్గర ఆగింది.

"పొయ్యిల వెడితే మంచిగుండు! మొదటి దినమే పెట్టకపోతి. నీకు జామీను దొరికి ఎన్ని దినాలైంది? ఠాణాల సంతకం చేసొచ్చిన చేతితోటే బొమ్మలు అచ్చేస్తానవ్. మల్ల లోపటేస్తే జామీనుకు ఎవలొస్తరు? నీ టీచరమ్మ వస్తదా, సచ్చిపోయినామె?"

"నోరు మూయి."

"మూయ!"

"వాడకట్టంత వింటాంది గదనే," అంది లచ్చవ్వ. ఆ మాటకు ఇద్దరూ ఆగారు. కానీ ఆ ఆగడం శాంతించడం కాదు. రాజలింగు గోడవైపు తిరిగాడు. భాగ్యమ్మ కొంగుతో ముక్కు చీదుకుంది. మధ్యలో కళావతి, ఎవరికీ అడ్డం రాకుండా, తన నీడ కూడా ఎవరి మీదా పడకుండా నిలబడింది.

ఆ నిలబడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. పాలకుర్తి దగ్గర పల్లెటూరి బడిలో చివరి వరుసలో కూర్చున్న పిల్ల ఆమె. సారు పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడి నేలను చూసేది. పది పాసై, ఇంటరు చదవడానికి ఈ ఎండాకాలం దాటాకే మేనమామ ఇంటికి వచ్చింది. వచ్చిన కొత్తలో మామ చేసే పని చూసి ఆమె కళ్ళు తిప్పుకోలేకపోయింది.

చెప్పుల అడుగుకు వేసే రబ్బరు రేకు మీద బ్లేడుతో, సాన పెట్టిన గొడుగు చువ్వతో అతను ముఖం చెక్కుతాడు. దాని మీద నల్ల సిరా పూసి, కాగితం పరచి, గరిటె వెనక భాగంతో నెమ్మదిగా రుద్దుతాడు. కాగితం ఎత్తితే మనిషి లేచి వచ్చినట్టుంటుంది. పోయిన వారం అచ్చయింది వకీలు వెంకట్రాజం ముఖం. దిక్కులేని ఖైదీల కేసులు ఊరికే వాదించినాయన. ఆ బొమ్మలు క్షేమంగా చేరవలసిన చోటికి చేరాయి. ఈ వారం, అలాంటి ఖైదీల కోసమే ఠాణాల చుట్టూ తిరిగిన సుగుణ టీచరమ్మ. ఆదివారం ఆమె సంతాప సభ. వచ్చినవాళ్ళందరికీ తలా ఒక బొమ్మ ఇవ్వాలని రాజలింగు కోరిక.

సభకు అనుమతి లేదని ఇందాక ఎస్సై చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"అవ్వా, రబ్బరు?" అన్నాడు రాజలింగు ఉన్నట్టుండి.

లచ్చవ్వ గంజి కాగులో మోచేతి దాకా చేయి పెట్టింది. తడుముతూ తడుముతూ, తెల్లగా గంజి కారుతున్న రబ్బరు రేకును పైకి తీసింది.

"ఇగో. ఇంతసేపు గంజి తాగింది మీ టీచరమ్మ. బతికున్నప్పుడు ఏ ఇంట్లనన్న చాయ తాగిందా పాడు? ఎప్పుడు చూసినా ఉరుకుడే."

ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

"ఎస్సై వాసన వట్టిండు కొడుకా," అంది లచ్చవ్వ. "ఏంది ముసల్దానా గీ వాసన అన్నడు. నూలుకు నల్ల రంగేస్తం సారూ అన్న. నమ్మిండో లేదో."

"బొమ్మలు దొరికితే నమ్మేటోడు కాదు. దొరకలేదు. మరేడికి పోయినయ్?" రాజలింగు మళ్ళీ భాగ్యమ్మ వైపు తిరిగాడు. "ఒట్టు వెయ్. నా మీద ఒట్టు వెయ్, కాలవెట్టలేదని."

భాగ్యమ్మ అతన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం కన్నా వేరేదేదో ఉంది. అది చూశాక కళావతి ఇక ఆగలేకపోయింది.

"మామా," అంది. ఎవరూ తిరగలేదు. మళ్ళీ అంది. "మామా, నేను దాచిన."

ముగ్గురూ ఒక్కసారే ఆమె వైపు తిరిగారు.

"ఏడ?"

"జంపకానల."

పూలమ్మ కేక వినబడినప్పుడు ఇంట్లో ఉన్నది కళావతి ఒక్కతే. లచ్చవ్వ వాకిట్లో కండెలు చుడుతోంది. నేల మీద ముందురోజే మగ్గం మీంచి కోసిన కొత్త జంపఖానా పరిచి ఉంది. చుట్టూ నీలం అంచు, మధ్యలో అంతా తెల్లగా, ఒక గది నిండా పరుచుకునేంత పెద్దది. కళావతి దండెం మీది బొమ్మలన్నీ లాగింది. ఒకదాని పక్కన ఒకటి ఆ తెల్లటి గుడ్డ మీద బోర్లా పరిచింది. పరిచి, అత్త నేర్పినట్టే ఒక కొస నుంచి మోకాలితో అదుముతూ గట్టిగా చుట్టేసింది. ఆమె గుంతలోకి దిగుతుంటే లచ్చవ్వ లోపలికి వచ్చి రబ్బరు రేకును గంజిలో ముంచింది. బూట్ల చప్పుడు వాకిట్లోకి వచ్చేసరికి ఆమె గుంతలో ఉంది.

అక్కడి నుంచి ఆమె అన్నీ విన్నది. సారంగపాణి సేటు దగ్గర పనిచేసే మొగిలయ్య రిక్షా తొక్కుకుంటూ వచ్చి, పోలీసులను చూసి బిత్తరపోవడం. "ఏందిది?" అని ఎస్సై లాఠీతో ఆ చుట్టను పొడవడం. "సేటు దుకాణంకు సార్, నిన్ననే ఇయ్యవలసింది," అని భాగ్యమ్మ చెప్పడం. ఆ తర్వాత ఎస్సై గొంతు: "తీస్కపోనీ."

రిక్షా కదిలిన చప్పుడు విని ఆమె గుంతలో కళ్ళు మూసుకుంది. ఒక్క కేక వేస్తే చాలు, రిక్షా ఆగేది. ఆ కేకతోనే మామ చేతులకు బేడీలు పడేవి.

ఇదంతా ఆమె నాలుగైదు ముక్కల్లో, నేల చూపులు చూస్తూ చెప్పింది.

తర్వాత రాజలింగు భుజాలు కదిలాయి. నవ్వు. మొదట మెల్లగా, తర్వాత ఆపుకోలేనంతగా.

"అవ్వా, విన్నవా? పోలీసోళ్ళ ముందటికెల్లే, వాళ్ళతోటే సెలవిప్పించి మరీ సాగనంపింది టీచరమ్మను! నోట్ల నాలిక లేదనుకున్నం గద ఈ పొల్లకు!"

లచ్చవ్వ కూడా నోరంతా తెరిచి నవ్వింది. కళావతికి తానూ నవ్వాలో వద్దో తెలియలేదు. మామ మెచ్చుకున్నాడు.

భాగ్యమ్మ మాత్రం నవ్వలేదు. "ఎప్పుడు అచ్చేసినవ్ అవి?" అని అడిగింది మొగుణ్ణి.

"పొద్దుగాల. చాయ తాగినంక."

అంటూనే అతని నవ్వు ఆగిపోయింది. వంగి కళావతి కళ్ళలోకి చూశాడు.

"బోర్ల పరిచినవా బిడ్డా? సిరా దిక్కు కిందికి వచ్చేటట్టు?"

"అవు మామా. ముఖం కనవడొద్దని."

"ఆరినయో లేదో చూసినవా?"

"వెనక దిక్కు ముట్టుకుని చూసిన. పొడిగనే ఉన్నయ్."

రాజలింగు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అది నువ్వు బడిల రాసే సిరా గాదు. ఊదితే ఆరది, సుద్దముక్క అద్దితే ఆరది. ప్రెస్సుల వాడే నూనె సిరా. రెండు మూడు దినాలకు గాని ఆరది. తెల్ల గుడ్డ మీద బోర్ల పెట్టి, మోకాలితోటి ఒత్తి..."

అతను పూర్తి చేయలేదు. చేయనక్కర లేకపోయింది. గరిటెతో రుద్దితేనే కాగితం మీద ముఖం దిగుతుంది. ఆమె తన బరువంతా వేసి అదిమింది. దాచానని అనుకున్నది. చేసింది మాత్రం, మామ చేసే పనే. టీచరమ్మ ముఖాన్ని, దండెం మీద ఎన్ని బొమ్మలున్నాయో అన్నిసార్లు, సారంగపాణి సేటు జంపఖానా మీద అచ్చు వేసింది.

కళావతి తన మోకాలి వైపు చూసుకుంది.

"సేటు విప్పి చూస్తడా?" అంది లచ్చవ్వ.

"చూడకుంట ఏ ముక్క తీసుకున్నడవ్వా ఇప్పటిదాక? ముడులు తగుల్తున్నయా అని చెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాక తడుముతడు. సర్కారు ఆఫీసులకు సప్లయి చేసే మనిషి. నీడను చూసి ఉలిక్కిపడుతడు. గా బొమ్మ చూస్తే నేరుగా ఠాణాకే ఉరుకుతడు."

రాజలింగు చొక్కా అందుకున్నాడు. భాగ్యమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏడికి?"

"తెచ్చుకుంట."

"సాయంత్రం ఎస్సై ఠాణాకు రమ్మన్నడు. అందాక గడప దాటొద్దన్నడు. మలుపు కాడ చాయ బండి మీద కూసున్నోడు ఎవడనుకుంటానవ్? మఫ్టీల ఉన్న కానిస్టేబులు. నువ్వు దాటుడే వాళ్ళకు కావాలె."

"మరి చూసుకుంట కూసోమంటవా?"

"నేను పోత."

రాజలింగు ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నీకెందుకే? నువ్వు మొదట్నించి వద్దన్నదానివి."

"ఇప్పుడు గూడ వద్దనే అంటాన్న." భాగ్యమ్మ జుట్టు ముడి వేసుకుంది. "ఎమర్జెన్సీల నువ్వు లోపట జరంతోటి పడి ఉన్నప్పుడు, నన్ను జైలు గేటు కాడికెల్లి ఎల్లగొట్టిన్రు. అప్పుడు గామె వచ్చి నా పక్కన కూసున్నది. 'దవాఖానకు తీస్కపోయేదాక నేనీడికెల్లి లేవ' అన్నది. ఎండల కూసున్నది. ఎవలో తెల్వదు నాకు. పేరు గూడ అడగలే. నీకు టీచరమ్మ మీద నాకన్న ఎక్కువ ప్రేమ ఉన్నదనుకోకు."

"మరెందుకే ఇన్ని దినాలు..."

"గామె నిన్ను బతికిచ్చింది. నువ్వు మల్ల పోయి పడితే, బతికిచ్చిన దానికి ఏం ఫలితమని."

రాజలింగు చొక్కాను తిరిగి మేకుకు తగిలించాడు.

"పొల్లా, నువ్వు నడువ్ నాతోటి," అంది భాగ్యమ్మ. "ఏ మడతల ఏం పెట్టినవో నీకే ఎరుక. అంత విప్పకుంట, ఒక్క కొస విప్పి గుంజుకోవచ్చునో లేదో నువ్వే చెప్పాలె."

"దాన్నెందుకే? భయపడుతది."

"నేను భయపడుతలేనా?"

రాజలింగు పక్కకు జరిగి పెరటి తలుపు తీశాడు.

ఇద్దరూ పెరటి గోడ సందులోంచి పూలమ్మ ఇంట్లోకి, అక్కడి నుంచి వెనక గల్లీలోకి దిగారు. ఎండ మండుతోంది. మగ్గాల చప్పుడు ప్రతి ఇంట్లోంచీ వస్తోంది. ఇద్దరు మగవాళ్ళు గోడ నీడలో బీడీలు కాలుస్తూ ఇటు చూశారు. కళావతి అడుగు తడబడింది.

"నిదానం," అంది భాగ్యమ్మ పెదాలు కదలకుండా. "ఉరికితే దొంగలనుకుంటరు."

"అత్తా, వాళ్ళు..."

"వాళ్ళు బీడీలు తాగుతాన్రు. నువ్వు ముంగట చూడు."

కొంచెం దూరం నడిచాక కళావతి అడిగింది: "అత్తా, నా మీద కోపమా?"

"కోపం జెయ్యడానికి ఇప్పుడు టయిం లేదు. ఇంటికి పోయినంక చేస్త." తర్వాత ఒక క్షణం ఆగి అంది. "నేనైతే ఏం చేస్తుంటినో తెల్సా? నిజంగనే పొయ్యిల వెడుదును. నీకు కాలవెట్టబుద్ధి కాలే. గంతే తేడా."

కళావతికి ఏడుపు వచ్చింది. ముఖం తిప్పుకుంది.

"ఏడువకు. విను. సేటుకు నేను చెప్త. అంచు కాడ పోగు తెగింది, సరిజేసి రేపు తెస్తనని. విప్పకపోతే, చుట్ట చుట్టినట్టే మొగిలయ్య రిక్షాల ఏస్కొని ఇంటికొస్తం. విప్పితే..."

"విప్పితే?"

భాగ్యమ్మ నడక వేగం పెంచింది. ఉరకొద్దన్న మనిషే ఇప్పుడు ముందు వెళుతోంది.

సారంగపాణి ఇల్లు, దుకాణం ఒకే కట్టడం. దుకాణం పెద్ద రోడ్డు వైపు. ఇంటి తలుపు ఈ గల్లీ వైపు. మొగిలయ్య రిక్షా ఖాళీగా గోడకు ఆనించి ఉంది. మొగిలయ్య పెడల్ మీద ఒక కాలు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ "ఏం భాగ్యక్కా, బాగున్నవా" అని ఎదురు వచ్చే మనిషి, వీళ్ళను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"మొగిలయ్యా, జంపకాన దించినవా?"

అతను పలకలేదు. ఒక్కసారి మాత్రం, ఎవరికీ కనబడకుండా అన్నట్టు, చేతివేళ్ళు కదిపాడు. వెళ్ళిపొమ్మన్నట్టుగా.

భాగ్యమ్మ అది చూడలేదు. అప్పటికే గడప ఎక్కి, దగ్గరగా వేసి ఉన్న తలుపును తోసింది. చూసింది కళావతి ఒక్కతే. "అత్తా" అని పిలవాలనుకుంది. ఆమె పిలిచే లోపల తలుపు తెరుచుకుంది.

లోపల నేలంతా జంపఖానా.

తెల్లటి గుడ్డ మీద టీచరమ్మ. ఒకరు కాదు. వరసగా, ఒకరి పక్కన ఒకరు. కళ్ళద్దాలు, నుదుటి మీద బొట్టు, కొంచెం ముడిచిన పెదవులు. ఒకచోట నల్లగా, ఒకచోట బూడిద రంగులో మసకగా. కొన్ని కాగితాలు గుడ్డకే అంటుకుని ఇంకా ఊడలేదు. అంత భయంలోనూ కళావతికి ఒక వింత ఆలోచన వచ్చింది. మామ అచ్చులన్నింటికన్నా ఈ గుడ్డ మీది ముఖమే బతికున్నట్టుందని.

సారంగపాణి గోడకు అతుక్కుని నిలబడి ఉన్నాడు. చేతులు జోడించి ఉన్నాయి, ఎవరికి జోడించాడో అతనికే తెలియనట్టు. అతని ముందు, కుర్చీలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని, ఎస్సై. తెల్ల రుమాలుతో లాఠీ కొసను నింపాదిగా తుడుస్తున్నాడు. దుకాణం అవతల, పెద్ద రోడ్డు మీద, జీపు ముందు భాగం కనబడుతోంది.

"రా భాగ్యమ్మా," అన్నాడు ఎస్సై. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయం వేసింది. "మీ ఇంట్లో ఈ చుట్ట మడతల్లోకి లాఠీ పొడిచాను కదా. జీపులో చూస్తే లాఠీ కొసకు నలుపు. నూలు రంగైతే తుడిస్తే పోవాలి. ఇది పోవడం లేదు."

భాగ్యమ్మ వెనక, గడప బయట, కళావతి ఒక కాలు పైమెట్టు మీద, ఒక కాలు కింద పెట్టి అలాగే ఉండిపోయింది.

"ఒకటే మాట అడుగుతా. ఈ బొమ్మలు లోపల పెట్టి చుట్టింది ఎవరు? రాజలింగమే కదా? చెప్పు, నిన్ను పంపించేస్తాను."

"ఆయన పెరట్ల రంగు కాడున్నడు సారూ. నువ్వే చూసినవ్."

"మరి ఎవరు?" ఎస్సై తల కొంచెం పక్కకు వంచి, ఆమె భుజం మీదుగా చూశాడు. "వెనక ఎవరా పిల్ల?"

భాగ్యమ్మ తిరిగింది.

కళావతి ఆమె ముఖం చూసింది. అత్త ముఖమే. కానీ అందులో తనను ఎరిగిన గుర్తు ఒక్కటి కూడా లేదు. నల్ల దగ్గర కొత్తగా కనబడ్డ మనిషిని చూసినట్టు చూసింది.

"ఎవలో సారూ. తొవ్వ తప్పి నా ఎనకాల వడ్డది." తర్వాత గొంతు పెంచింది, కసిరింది. "ఏం పొల్లా, చెప్తే తెల్వదా? ఇది నువ్వడిగిన ఇల్లు గాదు. బస్టాండు గా దిక్కున్నది. పొద్దుగూకకముందే బస్సెక్కి మీ ఊరికి పో. మీ అమ్మ ఎదురు చూస్తాంటది."

"ఆగు," అన్నాడు ఎస్సై, కుర్చీలోంచి లేస్తూ. "ఆ పిల్లను లోపలికి రానీ."

కళావతి పెదాలు కదిలాయి. చుట్టింది నేనే అని చెప్పడానికా, అత్తా అని పిలవడానికా, ఆమెకే తెలియదు.

"దానితోటి ఏం పని సారూ?" అంది భాగ్యమ్మ, తలుపు రెక్క మీద చెయ్యి వేస్తూ. ఆమె చూపు ఇంకా కళావతి మీదే ఉంది. "మా ఇంట్ల నేసేది నేను. చుట్టేది నేను. అడిగేదేందో నన్నడుగు."

ఆ మాటతోనే కళావతి ముఖం మీద తలుపు వేసేసింది.